ఐదో పొర

ఎనిమిది ఉండాల్సిన చోట ఏడే ఉన్నాయి.

ఒల్జాస్ మూడోసారి లెక్కపెట్టాడు. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే గుమాస్తాలాగా బొటనవేలు తడిచేసుకుని, నీలి ఫిల్ములను ఒక్కొక్కటే బల్ల మీదికి జార్చి, చివరికి ఖాళీ అయిన చేతిని అందరికీ తిప్పి చూపించాడు.

"ఏడు. చూశారుగా, నేనేం మింగలేదు."

సోమవారం పొద్దున తొమ్మిది గంటలు. అల్మాతీ నగరం చివర, కొండల వైపు తిరిగి ఉన్న ఆ చిన్న కార్ఖానాలో అప్పటికి టీలు కూడా పూర్తికాలేదు. గదిలో నలుగురే ఉన్నారు. తనిఖీ చేసే ఒల్జాస్, యజమానురాలు రౌషన్, పలకలను పరీక్షించే ముసలి కిమ్, గోడకి ఆనుకుని నిలబడ్డ ఉల్బోల్సిన్. ఆ ఏడు ఫిల్ములూ ఒలిచిన చేతులు ఉల్బోల్సిన్‌వే.

అక్కడి పని చెప్పుకోవడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. జిగురు పట్టించిన కార్బన్ బట్టను చదరాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి ఎనిమిది పొరలు పరుస్తారు. ఒక పొర నారలు నిలువుగా ఉంటే ఇంకో పొరవి అడ్డంగా, మరొకదానివి ఏటవాలుగా ఉండాలి. ప్రతి చదరం వీపుకీ ఒక నీలి ఫిల్ము అంటుకుని ఉంటుంది. పొర పరిచి, రోలరుతో వత్తి, ఫిల్ము ఒలిచి డబ్బాలో వేసి, అప్పుడు పై పొర పరచాలి. తర్వాత గాలి తీసిన సంచిలో పెట్టి కొలిమిలో కాలిస్తే ఎనిమిది పొరలూ ఒక్క పలకవుతాయి. ఎనిమిది పొరలకి ఎనిమిది ఫిల్ములు డబ్బాలో ఉండాలి. ఒకటి తగ్గిందంటే అది పలక కడుపులో ఉండిపోయినట్టే. అప్పుడు అక్కడి పొరలు అంటుకోవు, అంటుకున్నట్టు నటిస్తాయి.

"అక్కా, నీ మీద నాకేం పగలేదు," అన్నాడు ఒల్జాస్. "లెక్క చెబుతోంది."

"లెక్క నోరు తెరిచి నా పేరు చెప్పిందా?"

"చిన్నదాన్ని పరిచిందెవరు?"

"నేనే."

"ఇంకేం మరి?"

పలకలు రెండు. ఒకే కొలత, ఒకే అల్లిక, ఒకే చేతివాటం. ముందు పరిచినదాన్ని పెద్దది అనీ, తర్వాతదాన్ని చిన్నది అనీ కార్ఖానాలో పిలుచుకుంటున్నారు. పెద్దది వాతావరణం కొలిచే పెట్టెకి అడుగుపలకగా రాకెట్టులో వెళ్తుంది. చిన్నది ఇక్కడే ఉండి, రాకెట్టు పెట్టబోయే బాధలన్నీ అక్క బదులు తాను పడుతుంది. చిన్నది తట్టుకుంటే పెద్దది కూడా తట్టుకుంటుందని నమ్మకం.

ఒల్జాస్ థర్మాస్ మూత తీసి పాలటీ ఒంపుకున్నాడు. ఆకుపచ్చ థర్మాస్ అది, కొత్తది. పోయిన గురువారం దాకా ఉల్బోల్సిన్‌దే. కిజిలొర్దాలో ఆమె కూతురు ప్రసవించిందని ఫోనొస్తే, ఆ కబురు మోసుకొచ్చింది ఒల్జాసే. "సుయిన్షీ!" అని కేక పెట్టి శుభవార్త తెచ్చినవాడికి చేతికందింది ఇచ్చుకోకపోతే ఆ శుభం నిలవదు. ఆమె చేతికి ఆ క్షణాన అందింది థర్మాసే.

"అమ్మమ్మ అయిన దగ్గర్నించీ అక్క మనసు కిజిలొర్దాలోనే ఉంది," అన్నాడు టీ ఊదుకుంటూ. "చేతులు మాత్రం ఇక్కడికి డ్యూటీకొస్తున్నాయి."

ఉల్బోల్సిన్‌కి ఒళ్ళు మండింది. ఆ మాట అన్నందుకు కాదు, తన థర్మాస్‌లోంచి ఒంపుకున్న టీ ఊదుకుంటూ అన్నందుకు.

గోడ మీద అద్దం బిగించిన కాగితం ఉంది. ఫిల్ము లోపల వదిలినవారు ఏడాది పాటు పరిచే బల్లను ముట్టరాదు. కింద రౌషన్ సంతకం. ఉల్బోల్సిన్ అటు చూడలేదు. పదకొండేళ్ళుగా ఆ కాగితం కిందే పనిచేస్తోంది, కంఠతా వచ్చు. పుట్టినప్పుడు ఈసారైనా కొడుకు పుట్టాలని మొక్కుకుని ఆ మొక్కునే పేరుగా తగిలించారు ఆమెకి. బొంతలు కుట్టే దుకాణంలో పనిచేసిన పాతికేళ్ళూ ఆ పేరు విని నవ్వనివాడు లేడు. ఈ బల్ల దగ్గరికొచ్చాకే, ఉల్బోల్సిన్ పరిచిందా, అయితే ఫరవాలేదు అని పేరుని గౌరవంగా పలకడం మొదలైంది. ఏడాదంటే ఆమెకి మూడు వందల చిల్లర రోజులు కాదు, ఆ పేరు.

"రూలు ప్రకారం చిన్నదాన్ని కొయ్యాలి," అన్నాడు ఒల్జాస్. "కోసి చూస్తే ఫిల్ము దొరుకుతుంది."

మూల కుర్చీలోంచి కిమ్ గొంతు సవరించుకున్నాడు. అరవై రెండేళ్ళ కొరియా మనిషి. తాతల కాలంలోనే వాళ్ళ కుటుంబం ఇక్కడి నేలలో పడింది. అతను మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటే గదిలో మిగతావాళ్ళు ఆగుతారు.

"కోస్తే కోసినచోటే కనబడుతుందయ్యా. పలకంతా ఎక్కడ కోస్తావు, కూరముక్కల్లా తరుగుతావా? ఎటూ గురువారం నా యంత్రం ఎక్కేదే కదా. ఊపుదాం. ఫిల్ముంటే అదే చెబుతుంది."

"చెప్పకపోతే?"

"పలకలు అబద్ధమాడవు ఒల్జాస్. వాటికి బస్సు టైమూ పెళ్ళి విందూ ఉండవు."

మాటవరసకే అన్నాడు కిమ్. కానీ ఒల్జాస్ చెవులు ఎర్రబడ్డాయి. అది ఉల్బోల్సిన్ ఒక్కతే చూసింది. ఎందుకంటే శుక్రవారం సాయంత్రం ఏం జరిగిందో వాళ్ళిద్దరికే తెలుసు. చిన్నది కొలిమికి వెళ్ళేముందు ఒల్జాస్ ఫిల్ములు లెక్కపెట్టాలి. తల్దీకొర్గాన్‌లో బావమరిది పెళ్ళి, నాలుగున్నర బస్సు. గుమ్మంలోంచే సంతకం పెట్టేశాడు. "లెక్క సోమవారం చూస్తాలే అక్కా, నువ్వు పరిచావంటే వంక పెట్టేదేముంది," అన్నాడు. "వెళ్ళిరా, బస్సు పోతుంది," అని ఆమే తోలింది.

ఇప్పుడు ఆ మాట చెబితే కుర్రాడి ఉద్యోగం పోతుంది, ఫిల్ము మాత్రం దొరకదు. ఆమె నోరు మూసుకుంది.

"గురువారం దాకా చూద్దాం," అంది రౌషన్. "అందాకా నువ్వు ప్యాకింగు గదిలో ఉండమ్మా ఉల్బోల్సిన్."

మంగళ, బుధవారాలు అట్టపెట్టెలు మడవడంతో గడిచాయి. పెట్టెకి ఆరు మడతలు. నాలుగోదాని దగ్గర అట్ట ఎదురుతిరుగుతుంది, అక్కడ మోకాలు ఆనించాలి. గంటకి నలభై మడిచింది. మడుస్తూ అద్దపు గోడలోంచి పరిచే బల్లను చూస్తూనే ఉంది. తెల్లగా, ఖాళీగా, దీపాల కింద పడుకుని ఉంది. ఎవరూ దాన్ని తుడవడం కూడా లేదు. దుమ్ము పడుతుందే అనుకుంటూ ఇంకో అట్ట అందుకుంది.

బుధవారం మధ్యాహ్నం కిమ్ డబ్బా పట్టుకుని వచ్చాడు. కారం పట్టించిన క్యారెట్ తురుము. ఆమె రొట్టె తెంపింది. ఇద్దరూ అట్టపెట్టెల మీదే కూచున్నారు.

"నిజం చెప్పు ఇవానిచ్," అంది, కిమ్‌ని తండ్రి పేరుతో గౌరవంగా పిలుస్తూ. "ఫిల్ముంటే ఊపినప్పుడు తెలిసిపోతుందా?"

"మెల్లగా ఊపితే తెలీదు. పొరలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కదా, పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాం చుట్టాల ముందు కూచున్నట్టు. గట్టిగా ఊపాలి."

"రాకెట్టు ఊపినట్టు."

"రాకెట్టుకి తాళమంటూ లేదు, అదీ సంగతి. ఉయ్యాల ఊపినట్టు ఒక లయలో ఊపితే ఏ పలకైనా సర్దుకుంటుంది. ఇది అట్లా కాదు. పెళ్ళిపందిట్లో వాయిద్యాలన్నీ ఒక్కసారే, ఎవడి పాట వాడు వాయించాడనుకో, అట్లా ఉంటుంది. మరుక్షణం ఎటు తంతుందో ముందు చెప్పలేవు. ఆ గోలలోంచి పలక తన స్వరం తాను ఏరుకుంటుంది. దానికే ఊగుతుంది. పొరలన్నీ పట్టుకుని ఉంటే స్వరం నిలబడుతుంది. ఎక్కడో ఒక పొర చెయ్యి వదిలేసిందా, స్వరం దిగిపోతుంది."

"ఎంత దిగితే తప్పు?"

"నూటికి అయిదు." క్యారెట్ నములుతూ ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు వదల్లేదుగా?"

"ఎనిమిది ఒలిచాను ఇవానిచ్. చిన్నదాని ప్రతి పొరా నాకు గుర్తుంది."

అది నిజం. చిన్నదాన్ని పరుస్తున్నంతసేపూ ఆమె పాడుకుంటూనే ఉంది.

గురువారం పది గంటలకి చిన్నదాన్ని యంత్రం ఎక్కించారు. రొట్టెలు పెట్టుకునే పళ్ళెం కంటే కాస్త పెద్దది, నల్లగా నిగనిగలాడుతోంది. కిమ్ నాలుగు అంచులా పన్నెండు బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. చేతిలోని రెంచి టక్కుమన్నప్పుడల్లా ఆగి ఇంకోవైపు వెళ్ళాడు. పలక మధ్యన మైనంతో గింజంత సెన్సారు అతికించి, దాని తీగ కొట్టుకోకుండా టేపు వేశాడు. టేపు మీద రెండుసార్లు గోరు రాశాడు. తీగ కొట్టుకుంటే పలక మీద నేరం పడుతుంది, తీగని ఎవరూ అడగరు.

ముందు మెల్లటి ఊపు. యంత్రం లోగొంతులో మొదలై, సన్నటి కూత దాకా సాగింది. దారిలో ఒకచోట పలక ఒళ్ళు విరుచుకుంది. తెర మీద గీత గోపురంలా లేచి దిగింది.

"నూట నలభై ఎనిమిది," అన్నాడు కిమ్. సెకనుకి అన్ని ఊపులన్నమాట, అదీ పలక స్వరం. ఒల్జాస్ రాసుకున్నాడు.

చెవులకి తొడుగులు పెట్టుకున్నారు. పావు వంతు, సగం, ఆ తర్వాత పూర్తి. గదిలో కొండవాగు విరుచుకుపడ్డట్టు హోరు. అందులో పాటా లేదు, తాళమూ లేదు. కాళ్ళ కింద నేల, టీ గిన్నెలో చెంచా, ఉల్బోల్సిన్ పళ్ళు, అన్నీ వణికాయి. పలక మాత్రం కళ్ళకి కదులుతున్నట్టే లేదు, అంచులు కాస్త అలుక్కుపోయినట్టు కనబడుతోందంతే. రెండు నిమిషాలు. రాకెట్టు నేల విడిచి పైకెక్కేటప్పటి నరకం ఆ రెండు నిమిషాలేనట. ఆమెకి కూతురు నొప్పులు పడ్డ పద్నాలుగు గంటలూ గుర్తొచ్చాయి.

హోరు ఆగింది. మళ్ళీ మెల్లటి ఊపు. గోపురం లేచింది.

"నూట నలభై ఏడు."

కిమ్ చెవి తొడుగులు తీసి మెడలో వేసుకున్నాడు.

"నూట నలభై ఏడు అన్నానయ్యా! ఒక్కటి దిగింది. ఆ ఒక్కటీ మన బోల్టులు మింగుంటాయి. దీని కడుపులో ఫిల్ము లేదు, ఏమీ లేదు, మా అమ్మ చేసిన పచ్చడి జాడీ అంత గట్టిగా ఉంది."

రౌషన్ ఉల్బోల్సిన్‌ని కావిలించుకుంది. ఎవరో బావుర్సాక్‌ల పళ్ళెం తెచ్చారు. వేడి పిండి ముద్దల మీద అందరూ పడ్డారు. ఒల్జాస్ మొహం దొంగకి తేలు కుట్టినట్టుగా ఉంది, అయినా దగ్గరికొచ్చాడు.

"అక్కా, తప్పైపోయింది. ఆ ఫిల్ము ఎటో ఎగిరిపోయుంటుంది. థర్మాస్ తీసేసుకో."

"ఇచ్చింది తీసుకుంటారటరా? నా మనవరాలికి తగులుతుంది. ఉంచుకో. ఈసారి నన్ను తిట్టేటప్పుడు మాత్రం నీళ్ళు తాగు."

అందరూ నవ్వారు. ఒల్జాస్ అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

మధ్యాహ్నం మూడింటికి ఉల్బోల్సిన్ తెల్లకోటు తొడుక్కుని తన గదిలోకి వెళ్ళింది. బల్లని మూడుసార్లు తుడిచింది. పరీక్ష అయిపోయింది కనక పాత ఫిల్ముల డబ్బాలు ఖాళీ చెయ్యాలి. రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉన్నాయి. చిన్నదాని డబ్బా ఎత్తింది.

ఎటో ఎగిరిపోయుంటుందట. ఈ గదిలో గాలికి తలుపులు లేవు, వచ్చిన గాలి కూడా వడపోతలోంచి నెమ్మదిగా వస్తుంది. ఎగరడమేమిటి?

ప్రతి ఫిల్ము మూలా ఆమె మార్కరుతో పెట్టుకున్న బాణం గుర్తూ, పొర నంబరూ ఉన్నాయి. నారల దిక్కు తప్పకుండా అది ఆమె పెట్టుకున్న అలవాటు, రిజిస్టరుకి దానితో పనిలేదు. రిజిస్టరు అడిగేది ఎన్ని అని మాత్రమే. ఆమె చదివింది. ఒకటి, రెండు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. మూడు లేదు. మూడోది ఒలవడం ఆమెకి బాగా గుర్తు. ఒలిచి, చూడకుండానే పక్కకి విసిరింది. ఏ పక్కకి?

పెద్దదాని డబ్బా దగ్గరికి లాక్కుంది. పోయిన గురువారం సాయంత్రం, ఆమె చిన్నదాని మొదటి మూడు పొరలూ పరిచి ఆపాక, ఒల్జాస్ లెక్కపెట్టి టిక్కు పెట్టిన డబ్బా. ఎనిమిది. ఒకటి, రెండు, మూడు, ఇంకో మూడు.

ఆమె నవ్వింది. దొరికావా దొంగా అనుకుంది. నవ్వు పెదాల మీద ఉండగానే తర్వాతవి చదివింది. నాలుగు. ఆరు. ఏడు. ఎనిమిది.

అయిదు లేదు.

కింద వెతికింది. డబ్బా బోర్లించింది. పెద్దదాని ఫిల్ములు ఏడే. చిన్నదాని మూడోది వచ్చి పడి ఎనిమిది చేసింది. పెద్దదాని అయిదో పొర ఫిల్ము పెద్దదానిలోనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. అయిదో పొర పరిచి రోలరుతో వత్తుతోంది. తలుపు దబాలున తెరుచుకుంది. "సుయిన్షీ అక్కా, సుయిన్షీ! ఆడపిల్ల! మూడు కిలోల ఆరు వందలు!" టోపీ లేదు, తొడుగులు లేవు, చేతిలో ఆమె ఫోను. రోలరు వదిలేసింది. ఏడ్చింది, నవ్వింది, బయటికి పరిగెత్తి థర్మాస్ తెచ్చి వాడి చేతిలో పెట్టింది, కూతురితో మాట్లాడింది. తిరిగొచ్చి చేతులు కడుక్కుని, కొత్త తొడుగులు వేసుకుని, ఆరో పొర అందుకుంది.

స్టూలు మీద కూచుంది. అద్దం అవతల కిమ్ బావుర్సాక్ నములుతూ ఎవరికో ఫోనులో నూట నలభై ఏడు కథ చెబుతున్నాడు. పెద్దదాన్ని మెల్లటి ఊపు తప్ప గట్టిగా ఊపరు. ఎగరాల్సినదాన్ని ముందే అలవగొట్టకూడదు కదా. సోమవారం పెట్టెలో పెట్టి పంపేస్తారు. ఆ పెట్టె కూడా ఆమె మడిచిందే.

ఎవరికీ తెలియదు. ఆమె లేచి రెండు డబ్బాల ఫిల్ములూ రెండు కట్టలుగానే చెత్తబుట్టలో వేసి మూత పెట్టింది. కోటు విప్పి బస్సెక్కింది. బస్సులో ఎవరో అమ్మాయి లేచి సీటిస్తే, వద్దమ్మా అని నిలబడే వెళ్ళింది. సాయంత్రం కూతురు ఫోనులో పాపని చూపించింది. పాప ఆవలించింది. "బల్ల తిరిగొచ్చిందటగా అమ్మా, ఒల్జాస్ మెసేజ్ పెట్టాడు!" అంది కూతురు. "వచ్చింది," అంది ఉల్బోల్సిన్, మొహం పక్కకి తిప్పుకుని.

శుక్రవారం ఎనిమిదికి రావాల్సిన మనిషి ఏడుంబావుకే వచ్చింది. ఊడ్చేవాళ్ళింకా రాలేదు. చెత్తబుట్ట మూత తీసి పదిహేను ఫిల్ములూ ఏరి, ఒక్కొక్కటీ చేత్తో సాపుచేసి, కిమ్ గదికి పట్టుకెళ్ళింది.

"ఇవానిచ్, పెద్దదాన్ని ఊపు."

"పిచ్చా నీకు? అది ఎగిరేది. పూర్తిగా ఊపితే పాడైపోతుంది."

"అది ఇప్పటికే పాడై ఉంది."

పెద్దదాని ఎనిమిది ఫిల్ములూ బల్ల మీద పేకముక్కల్లా పరిచింది. కిమ్ కళ్ళజోడు పెట్టుకుని వేలితో నంబర్లు చూసుకుంటూ పోయాడు. వేలు రెండో మూడు దగ్గర ఆగింది. నాలుగు దాటి ఆరు దగ్గర మళ్ళీ ఆగింది.

"నిన్న చూశావా, ఇవాళా?"

"నిన్న."

"ఊఁ," అన్నాడు. ఇంకేం అడగలేదు. అందుకు ఆమెకి అతని మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

ఒల్జాస్ వచ్చాడు. ఆ ఫిల్ములు చేతిలోకి తీసుకుని, అలవాటుగా బొటనవేలు తడిచేసుకున్నాడు. "ఎనిమిదీ ఉన్నాయిగా!"

"లెక్కపెట్టకు నాయనా. చదువు."

చదివాడు. రెండోసారి చదివాడు. "అయిదు... ఎప్పుడక్కా? ఎట్లా?" అని తలెత్తి ఆమె కళ్ళల్లోకి చూశాడు. సమాధానం అక్కడే దొరికింది. మొహం పాలిపోయింది. "నేను లోపలికి... టోపీ కూడా..."

"నువ్వు మంచి కబురు తెచ్చావు. రోలరు వదిలింది నేను. ఆ మాట ఎవరికీ చెప్పక్కర్లేదు."

రౌషన్ అంతా నిలబడే విన్నది. ఆమె కోపం ఎప్పుడూ మెల్లగా మాట్లాడుతుంది.

"నీ మాట మీద ఎగరాల్సిన పలకని దెబ్బల యంత్రం ఎక్కించమంటావు. అది బాగుందనుకో, చేజేతులా మంచిదాన్ని పాడుచేసినవాళ్ళమవుతాం. పై నెల రాకెట్టు మన కోసం ఆగదు. మార్కరుతో నంబరు నువ్వే తప్పు రాసుండచ్చు కదా?"

"రాసుండచ్చు," అన్నాడు ఒల్జాస్ ఆశగా.

"రాయలేదండీ," అంది ఉల్బోల్సిన్. "మీరు పంపేస్తే నాకేం కాదు. నా బల్ల నాకు నిన్ననే వచ్చేసింది. కానీ ఆ రెండు నిమిషాలూ అది ఒంటరిగా పడాలి, పక్కన ఇవానిచ్ కూడా ఉండడు."

రౌషన్ కిమ్ వైపు చూసింది. కిమ్ అప్పటికే రెంచి అందుకున్నాడు.

పన్నెండు బోల్టులు. మైనం. టేపు. మెల్లటి ఊపు.

"నూట నలభై ఎనిమిది."

ఒల్జాస్ ఊపిరి వదిలాడు. నిన్న చెల్లెలు పలికిన స్వరమే అక్కా పలికింది. ఉల్బోల్సిన్ తెర మీది అంకె మళ్ళీ చదివింది. నేనే తప్పా? మంచిదాన్నే ఎక్కించానా? పావు, సగం, పూర్తి. హోరు లేచింది. మొదటి నిమిషం నిన్నటి హోరే. రెండో నిమిషంలో కిమ్ తల ఒక పక్కకి వంచాడు. తొడుగుల్లోంచి ఏం వినబడిందో, తెర మీద ఏం చూశాడో, చెయ్యెత్తి ఆగమని సైగ చేశాడు. ఎవరూ కదలడం లేదు, ఆగేదెవరో అతనికే తెలియాలి.

హోరు అణిగాక మెల్లటి ఊపు. గోపురం రావాల్సిన చోట రాలేదు. బాగా ముందే, పొట్టిగా, వెడల్పుగా లేచింది.

"నూట పంతొమ్మిది," అన్నాడు.

కిమ్ రంపంతో మూల కోశాడు. నల్లటి అంచులో వెంట్రుకంత నీలిగీత కనబడింది. ఉల్బోల్సిన్ చాకుమొన పెట్టి తిప్పింది. పొరలు పుస్తకంలా తెరుచుకున్నాయి. లోపల ఫిల్ము, నలగకుండా, మూలన బాణం గుర్తుతో సహా మెరుస్తోంది. ఆమె దుఃఖపడాల్సింది, కానీ ముందు కలిగింది ఊరట. భూమ్మీద ఉండగానే బయటపడింది.

రిజిస్టరులో ఆ గడి మూడు వేళ్ళంత ఉంటుంది. ఫిల్ము వదిలినవారు. ఒల్జాస్ దాని మీదికి వంగి చాలాసేపు రాశాడు. రౌషన్ తీసుకుని పైకి చదివింది.

"ఉల్బోల్సిన్, పొరలు పరిచినవారు. ఒల్జాస్, టోపీ, తొడుగులు లేకుండా కేకలేస్తూ లోపలికొచ్చి అయిదో పొర దగ్గర ఆమె చేతులు ఆపినవాడు. నంబర్లు చదవకుండా టిక్కు పెట్టినవాడు. చిన్నదాని ఫిల్ములు శుక్రవారం లెక్కపెట్టకుండానే సంతకం చేసి పెళ్ళికి వెళ్ళినవాడు." ఆమె తలెత్తింది. "ఇంత గడిలో ఇదంతా ఎట్లా పట్టించావయ్యా?"

"చిన్నక్షరాలండీ."

కిమ్ దగ్గులాంటి శబ్దం చేశాడు. రౌషన్ నవ్వకుండా ఉండడానికి పెదవి కొరుక్కుంది.

"వెధవా," అంది ఉల్బోల్సిన్ కన్నీళ్ళు తుడుచుకుంటూ. "నీకెవరు చెప్పమన్నారురా?"

"నువ్వు చెప్పావుగా అక్కా. నేను నీ పాటి మగాణ్ణయినా కావద్దూ?"

"రూలు రాసింది నేను," అంది రౌషన్. "మార్చను. ఏడాది పాటు ఉల్బోల్సిన్ బల్ల ముట్టదు. ఒల్జాస్ ఏడాది పాటు టిక్కు పెట్టడు, ప్రతి నంబరూ అక్షరాల్లో రాస్తాడు. చిన్నక్షరాల్లో కాదు."

ఏడాది. తెలిసే వచ్చింది, అయినా ఆ మాట పైకి వినబడగానే ఉల్బోల్సిన్ బల్ల వైపు ఒక్కసారి చూసింది. తెల్లకోటు గుండీలు విప్పసాగింది.

"కోటెందుకు విప్పుతున్నావు? సోమవారానికి మూడోది కావాలి. ఎవరు పరుస్తారు, గోడా?" రౌషన్ జుట్టు ముడేసుకుని టోపీ లోపలికి తోసింది. ఈ కార్ఖానా పెట్టకముందు పన్నెండేళ్ళు ఆమె చేసిందీ ఇదే పని. "రూలులో బల్ల ముట్టద్దనే ఉంది. బల్ల పక్కన కూచోవద్దని లేదు. ఆ స్టూలు ఇటు లాక్కో. ప్రతి ఫిల్మూ నీ కళ్ళ ముందు పెడతాను. నువ్వు చదివి పైకి చెప్పాకే పై పొర."

అలా మొదలైంది. బల్లకి మూరెడు దూరంలో స్టూలు, దాని మీద చేతులు ఒళ్ళో కట్టుకుని ఉల్బోల్సిన్. అద్దం అవతల పెన్ను పట్టుకుని ఒల్జాస్. మొదటి పొరకే రౌషన్ చెమటలు కక్కింది.

"అంచునించి కాదండీ, మధ్యలోంచి అంచుకి వత్తండి. గాలి లోపలే ఉండిపోతుంది. అయ్యో, రొట్టెలు వత్తుతున్నారా?"

"నేను నీ యజమానినమ్మా."

"అందుకే మెల్లగా చెబుతున్నా. లేకపోతే చేతి మీద ఒక్కటి వేసేదాన్ని."

"ఒకటి," అని చదివింది. ఒల్జాస్ రాశాడు. "రెండు." రౌషన్ చెయ్యి కొంచెం కొంచెంగా పాత దారి గుర్తు తెచ్చుకుంటోంది. "మూడు." "నాలుగు." ఒళ్ళో ఉన్న ఉల్బోల్సిన్ వేళ్ళు తమకి తెలియకుండానే రోలరుతో పాటు కదులుతున్నాయి. ఆమె ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుంది.

తర్వాతి పొర వత్తడం అయింది. రౌషన్ మూల పట్టుకుని ఫిల్ము ఒలిచింది. సర్రుమని వచ్చింది. దాన్ని ఎత్తి ఉల్బోల్సిన్ కళ్ళ ముందు పట్టుకుంది. ఉల్బోల్సిన్ వెంటనే చదవలేదు. ముందుకు వంగి బాణం చూసింది, బాణం కింద నంబరు చూసింది, బల్ల మీద కొత్తగా బయటపడ్డ నల్లటి పొరని చూసింది.

"అయిదు," అంది.

ఎవరూ అడగకుండానే అద్దం అవతలికి వినబడేలా మళ్ళీ అంది.

"అయిదు!"

ఒల్జాస్ అక్షరాల్లో రాశాడు. రౌషన్ ఆరో పొర అందుకుంది.